తీగ చేతిలో, మాట గాలిలో

స్కేల్ మోడల్ విమానం పొట్ట మీది మూత తీస్తే లోపల రెండు రకాల పగ్గాలుంటాయి. ఒకటి ఉక్కు తీగ. ఎడమ రెక్క చివరి నుంచి రెండు తీగలు లోపలికి వచ్చి బెల్‌క్రాంక్ అనే చిన్న తులాదండం రెండు కొసలకూ ముడిపడతాయి. ప్లైవుడ్ పలక మీద ఇరుసు చుట్టూ అటూ ఇటూ ఆడే ఆ తులాదండం నుంచి ఒక సన్నని కడ్డీ తోక దాకా పోతుంది. అక్కడ ఎలివేటర్ అనే కదిలే రెక్కను పైకీ కిందికీ ఆడిస్తుంది. రెండో పగ్గం కంటికి ఆనదు. దాని ఆనవాళ్లు మాత్రం లోపల ఉంటాయి: అగ్గిపెట్టె కన్నా చిన్న రిసీవర్, వెంట్రుకంత యాంటెనా, రెండు మూడు సర్వో మోటార్లు, ఫోమ్ ముక్కలో చుట్టి వెల్‌క్రో పట్టీతో బిగించిన బ్యాటరీ. ఎలివేటర్ తీగల వంతు. ఇంజన్ వేగం, ఫ్లాప్స్, దీపాలు, ముడుచుకునే చక్రాలు రేడియో వంతు.

ఒకే విమానానికి రెండు పగ్గాలు. ఎగిరేది అది, ఎగిరించేది వేరొకరు. మరి ఆ ఎగరడం ఎవరి పని?

తిరుమల కొండ కింద నిలబడి ఈ మాట అడిగితే అది బొమ్మ దగ్గర ఆగదు. జీవుడు నిజంగా కర్తేనా? అతణ్ణి పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటే అతడు చేసిన మంచిచెడ్డలు ఎవరి ఖాతాలో పడాలి? తిరుపతిలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించినవారిగా సంప్రదాయం చెప్పుకునే రామానుజులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి సుమారు తొమ్మిది వందల ఏళ్లయింది. ఆ జవాబు ఎంత సూక్ష్మమైనదో తెలియడానికి ఈ బల్సా చెక్క విమానం చక్కగా పనికొస్తుంది.

తీగ పట్టుకుని విమానం ఎగిరించే ఈ ఆటను కంట్రోల్‌లైన్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం. 1930ల చివర్లో ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన తీగలతో విమానాన్ని అదుపు చేసి చూపించాడు. 1940లో జిమ్ వాకర్ ‘ఫైర్‌బాల్’ అనే మోడల్‌తో దీన్ని జనంలోకి తెచ్చాడు. మన దేశంలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కాడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం, అందులో కంట్రోల్‌లైన్‌కూ చోటుంది. ఎగిరించేవాడు వలయం మధ్యలో హ్యాండిల్ పట్టుకుని నిలబడతాడు. విమానం అతని చుట్టూ తిరుగుతుంది, దానితోపాటు అతడూ తిరుగుతాడు. హ్యాండిల్ పైకి వంచితే విమానం లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. రేడియో రాకముందు ఇంజన్ వేగం మార్చడానికి మూడో తీగ కట్టేవారు. కొందరు ఆ ఉక్కు తీగల గుండానే విద్యుత్ సంకేతం పంపేవారు. ఇప్పుడు ఆ పని 2.4 గిగాహెర్ట్జ్ రేడియో చేస్తోంది. ఎలివేటర్‌ను మాత్రం తీగకే వదిలిపెట్టారు. అది కూడా తీగ చేతిలోంచి పోతే ఇక ఆ ఆటకు ఆ పేరే చెల్లదు.

తీగ కట్టిన వస్తువు అనగానే మనకు తట్టే పోలిక బొమ్మలాట. సూత్రధారి అనే మాటలోనే దారం ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈనాటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల వెన్నుకూ చేతులకూ వెదురు పుల్లలు కట్టి తెర వెనక ఆడిస్తారు. ఆడించే చెయ్యి ఆగితే బొమ్మ వేలాడుతుంది. మనిషి దేవుడి చేతిలో బొమ్మ అని మన ఊళ్లలో ముసలివాళ్లు నిట్టూర్చడం వెనక ఉన్నది ఈ దృశ్యమే.

కంట్రోల్‌లైన్ విమానం అలా వేలాడదు, లాగుతుంది. ఒకటిన్నర కిలోల విమానం సెకనుకు 25 మీటర్ల వేగంతో 18 మీటర్ల తీగ చివర తిరుగుతోందనుకుంటే, అది ఎగిరించేవాడి చేతిని దాదాపు 5 కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంది. ఈ లాగుడు ఎగిరించేవాడికి ఇబ్బంది కాదు, అదే అతని ఊపిరి. తీగ బిగువుగా ఉన్నంతసేపే చేతి కదలిక తోక దాకా చేరుతుంది. ఇంజన్ నీరసించి వేగం తగ్గినా, గాలి విమానాన్ని వలయం లోపలికి నెట్టినా తీగ సడలుతుంది. అప్పుడు హ్యాండిల్‌ను ఎంత వంచినా విమానానికి కబురందదు. పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంటుంది, తీగ తెగలేదు కూడా. అయినా విమానం నేల కూలుతుంది.

బొమ్మలాటకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తోలుబొమ్మకు సొంత ప్రయత్నం లేదు. విమానానికి ఉంది. అది తన బలంతో ముందుకు పోతేనే దాన్ని నడిపే చెయ్యి దాని మీద పనిచేస్తుంది. నడిపేవాడు నడపాలంటే నడిచేది నడవాలి.

బృహదారణ్యక ఉపనిషత్తు మూడో అధ్యాయంలో సరిగ్గా ఈ రెండు పగ్గాల గురించే ఒక ప్రశ్న వస్తుంది. జనకుడి సభలో ఉద్దాలక ఆరుణి లేచి యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీస్తాడు. ఈ లోకం, పరలోకం, సమస్త భూతాలు ఏ దారానికి గుచ్చి ఉన్నాయో ఆ సూత్రం నీకు తెలుసా? వాటన్నిటినీ లోపల ఉండి నడిపే అంతర్యామి ఎవరో తెలుసా? దారం ఒక ప్రశ్న, లోపలి నియామకుడు వేరే ప్రశ్న. యాజ్ఞవల్క్యుడు విడివిడిగానే జవాబిస్తాడు. దారం వాయువు అంటాడు. మనిషి పోయినప్పుడు అతని అవయవాలు సడలిపోయాయని లోకం అనేది ఆ దారం జారిపోయినందుకే అని గుర్తుచేస్తాడు. తర్వాత అంతర్యామిని గురించి చెప్తాడు. భూమిలో ఉండీ భూమికి తెలియకుండా, భూమినే శరీరంగా చేసుకుని లోపలి నుంచి నడిపేవాడు అని మొదలుపెట్టి నీటిని, నిప్పును, ఆకాశాన్ని, కంటిని, చెవిని, మనసును ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతాడు.

వాయువే దారమన్న ఆ జవాబు వింటే ఈ ప్రాంతం వాళ్లకు శ్రీకాళహస్తి గుర్తురాక మానదు. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఆ క్షేత్రం పంచభూత లింగాల్లో వాయులింగం. గాలి చొరబడని గర్భగుడిలో ఒక దీపం రెపరెపలాడటమే అక్కడ వాయువున్నందుకు గుర్తని భక్తులు చూపిస్తారు. ఆ ఊరి పేరులో మొదటి అక్షరం ‘శ్రీ’ అంటే సాలెపురుగు. తన ఒంట్లోంచి దారం తీసి శివుడికి గుడి నేసిన పురుగు. దారమూ గాలీ ఒకే ఊళ్లో కలిసి కూర్చున్నాయి.

దారం జారితే అవయవాలు సడలుతాయన్న మాట వట్టి కవితాత్మక వర్ణన అనుకునేవాళ్లు 2010 డిసెంబర్ 25 నాటి సంగతి తెలుసుకోవాలి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి ఆ రోజు జీశాట్-5పీ ఉపగ్రహంతో జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 రాకెట్ లేచింది. మొదటి 47 సెకన్లూ అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు క్రయోజెనిక్ దశ అడుగు భాగంలో ఉన్న కనెక్టర్లు ఊడిపోయాయి. పైనున్న కంప్యూటర్ నుంచి కిందున్న స్ట్రాప్-ఆన్ మోటార్ల అదుపు యంత్రాలకు ఆజ్ఞలు మోసే తీగలు కలిసేది అక్కడే. కంప్యూటర్ చెడలేదు. మోటార్లు మండుతూనే ఉన్నాయి. తలకూ కాళ్లకూ మధ్య మాట తెగింది, అంతే. రాకెట్ దిశ తప్పి, 54వ సెకను నాటికి ముక్కలైంది. 64వ సెకనులో నేల నుంచి విధ్వంస ఆజ్ఞ పంపారు. బలం ఎంతున్నా, దాన్ని ఒకటిగా గుచ్చే దారం లేకపోతే అది బలంగా మిగలదని ఆ ఏడు సెకన్లు చూపించాయి.

ఇక రేడియో వైపు చూద్దాం. తీగకూ రేడియోకూ ఒక మౌలికమైన తేడా ఉంది. తీగలో చేతి బలమే ప్రయాణిస్తుంది. ఎలివేటర్‌ను కదిలించేది ఎగిరించేవాడి మణికట్టు. రేడియోలో బలం రాదు, మాట ఒక్కటే వస్తుంది. ఇంజన్ వేగం తగ్గించు అన్న సంకేతం గాలిలో వచ్చి చేరుతుంది. దాన్ని పనిగా మార్చి సర్వోను తిప్పే శక్తి విమానం లోపలి బ్యాటరీదే. ఆ బ్యాటరీ ముందు రోజు రాత్రి నిండి ఉండాలి. లిథియం సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది, 3 వోల్టుల కిందికి జారితే పాడవుతుంది. ఆ స్థితిలో ట్రాన్స్‌మిటర్ ఎంత చక్కగా పనిచేసినా వినేవాడు లేడు.

బ్యాటరీ అంటే తిరుపతి వాళ్లకు పరాయి వస్తువు కాదు. 1985లో మొదలైన అమరరాజా వారి ఫ్యాక్టరీ ఊరికి ఆనుకుని కరకంబాడిలో ఉంది. 2022లో తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనే మునోత్ సంస్థ లిథియం సెల్ తయారీ కేంద్రం ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 10 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల 20,000 సెల్స్ చేయగలదని ఆ సందర్భంలో ప్రకటించారు. ఎక్కడ నిండిందో ఎవరు నింపారో గుర్తు లేకుండా మనం వాడుకునే శక్తికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

శరీరం, ఇంద్రియాలు, తెలివి, వాటిని నడిపే శక్తి జీవుడికి ఈశ్వరుడు ఇచ్చినవే అని రామానుజులు ఒప్పుకుంటారు. బ్యాటరీ మనం చేసుకున్నది కాదు. అంతమాత్రాన పని కూడా ఈశ్వరుడిదేనా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ చర్చ వస్తుంది. జీవుడి కర్తృత్వం పరమాత్మ మీద ఆధారపడిందని ఒక సూత్రం చెప్తుంది. వెంటనే వచ్చే సూత్రం, పరమాత్మ జీవుడు చేసిన ప్రయత్నం కోసం ఎదురుచూస్తాడని చెప్తుంది. లేకపోతే ఇది చెయ్యి, అది చెయ్యకు అన్న శాస్త్రానికి అర్థమే ఉండదు. చెవి లేనివాడికి ఎవరు మాత్రం ఆజ్ఞలిస్తారు?

దీన్ని వివరించడానికి ఆ సూత్రాలకు తాను రాసిన శ్రీభాష్యంలో రామానుజులు తెచ్చిన పోలిక నేల మీది పోలిక. ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న ఆస్తిని వాళ్లలో ఒకడు మూడోవాడికి ఇవ్వాలనుకున్నాడు. రెండోవాడి అనుమతి లేకుండా అది జరగదు. అయినా ఇవ్వాలన్న పూనిక మొదటివాడిది, అనుమతి తెచ్చుకున్నదీ అతడే. కనుక ఫలం అతడిదే. చిత్తూరు జిల్లా పల్లెల్లో భాగాల పంపకాలు చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తమ్ముడి సంతకం పడకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులో అన్న పొలం కదలదు. కానీ పొలం అమ్మిందెవరని ఊళ్లో అడిగితే అందరూ అన్న పేరే చెప్తారు.

భగవద్గీత చివరి అధ్యాయంలోనూ ఈ రెండు కొసలూ పక్కపక్కనే ఉన్నాయి. ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రం ఎక్కిన వాటిలా సమస్త ప్రాణులనూ తిప్పుతున్నాడని 61వ శ్లోకం చెప్తుంది. అక్కడికి అర్జునుడి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. రెండు శ్లోకాల తర్వాత కృష్ణుడు, ఇదంతా బాగా ఆలోచించి నీకు ఎలా తోస్తే అలా చెయ్యమంటాడు. తిప్పేవాడే ఆలోచించుకో అంటున్నాడు. ఈ రెండు శ్లోకాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయనుకుంటే గీత చివరి మెట్టు మీద తడబడినట్టు. తీగ బిగువును చూసినవాడికి అవి ఒకే వాక్యంలా వినిపిస్తాయి.

అందరూ ఈ జవాబుతో తృప్తిపడలేదు. శంకరులు బ్రహ్మసూత్రాల అదే అధ్యాయంలోని వడ్రంగి ఉదాహరణను పట్టుకుని, పనిముట్లు చేతిలో ఉన్నప్పుడే వడ్రంగికి శ్రమ, వాటిని దించి ఇంటికొస్తే అతడికి సుఖం అన్నారు. కర్తృత్వం శరీరం, ఇంద్రియాల వంటి ఉపాధుల వల్ల వచ్చిందే తప్ప ఆత్మ స్వభావం కాదని ఆయన భావం. ఆ దృష్టిలో బ్యాటరీ, సర్వో, తీగ అన్నీ విప్పి పక్కన పెట్టాక మిగిలేదేదో దాన్ని తెలుసుకోవడమే పని.

ఇంకా తీవ్రంగా మాట్లాడినవాడు ఈ సీమ బిడ్డే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన చుట్టూ అల్లిన ఆర్డర్ ఆఫ్ ద స్టార్ అనే సంస్థను 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో తానే రద్దు చేశాడు. గురువు, సంస్థ, మతం ఏదీ సత్యానికి దారి చూపలేదని జీవితాంతం చెప్పాడు. తీగలన్నీ తెంపమన్న ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మనుషుల చేతుల్లో ఉన్న తీగలు ఎన్నిసార్లు మనుషుల మెడకు చుట్టుకున్నాయో చరిత్ర నిండా ఉంది. ఆయన తెంచమన్నది ఆ తీగల్నే అనుకుంటే రామానుజులకూ ఆయనకూ అంత దూరం లేదు. ఏ పట్టూ లేని గమనం ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం చంద్రగిరి దాటి గాదంకి వెళ్లాలి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నుంచి బెలూన్లకు రేడియోసాండ్ కట్టి వదులుతారు. దానికీ బ్యాటరీ ఉంది, రేడియో ఉంది. ఉష్ణోగ్రతనూ తేమనూ నేలకు చెప్తూ పైపైకి పోతుంది. దానికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. గాలి ఎటు తీసుకెళ్తే అటు పోయి, పైన బెలూన్ పగిలాక ఎక్కడో రాలుతుంది.

వైష్ణవంలోనే మరో తగాదా ఉంది. తిరుమల మెట్లదారిలో నడిచినవాళ్లంతా తల్లి కోతి పొట్టకు కరుచుకున్న పిల్లను చూసి ఉంటారు. తల్లి దూకుతుంది, పట్టు వదలకుండా ఉండటం పిల్ల పని. పిల్లి అలా కాదు, కూనను తానే నోట కరుచుకుని తీసుకుపోతుంది. వేదాంతదేశికుల బాటలో నడిచే వడగలై వారికి కోతిపిల్ల పోలిక, పిళ్లై లోకాచార్యుల బాటలోని తెంగలై వారికి పిల్లికూన పోలిక చెప్తారు. శరణాగతిలో జీవుడి పట్టు ఎంత, దేవుడి పట్టు ఎంత అన్నదే తేడా.

రెండు పగ్గాల విమానం ఈ తగాదా మీద కొంత వెలుగు వేస్తుంది. రేడియో అమర్చేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ జతచేస్తారు. దాన్ని బైండింగ్ అంటారు. సంకేతం తెగిపోతే ఏం చెయ్యాలో అప్పుడే రిసీవర్‌కు నేర్పిపెడతారు. అది ఫెయిల్‌సేఫ్. చాలా రిసీవర్లలో థ్రాటిల్ కర్రను పూర్తిగా కిందికి దించి బటన్ నొక్కితే ఆ స్థితి గుర్తుండిపోతుంది. ఈ పాఠం చెప్పాల్సింది సంకేతం స్పష్టంగా ఉన్నప్పుడు, బల్ల మీద, నింపాదిగా. మాట తెగిన క్షణంలో నేర్పడానికి వీల్లేదు, ఎందుకంటే అప్పుడు మాటే లేదు.

మాట తెగే క్షణానికి ముందే కుదిరిన ఇలాంటి ఏర్పాటు ఒకటి కొండ మీదా ఉంది. తిరుమల ఆదివరాహ క్షేత్రం. పుష్కరిణి ఒడ్డున ఉన్న వరాహస్వామిని ముందు దర్శించి ఆ తర్వాతే శ్రీనివాసుడి దగ్గరికి వెళ్లడం ఆచారం. వైష్ణవులు చరమశ్లోకాలుగా చెప్పుకునేవాటిలో ఒకటి ఈ వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట. ఒళ్లు బాగుండి, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు నన్ను తలుచుకున్న మనిషి, చివరికి కట్టెలా రాయిలా పడి ఉండి ఏదీ తలచలేని స్థితికి వచ్చినప్పుడు, అతణ్ణి నేను తలుచుకుంటాను అన్నది దాని తాత్పర్యం. మంచం మీద మాట పడిపోయిన తల్లినో తండ్రినో చూసుకున్న ప్రతి ఇంటికీ ఈ హామీ ఎంత పెద్దదో తెలుసు. చెవిలో గోవింద నామం చెప్తున్నా అది లోపలికి చేరుతోందో లేదో తెలియని రాత్రుళ్లవి. ఆరోగ్యంగా ఉన్నప్పటి తలపు జీవుడిది, అది కోతిపిల్ల పట్టు. తలపు చేరలేని చోట మోసుకుపోవడం ఆయనది, అది తల్లిపిల్లి పట్టు. ఒకే మాటలో రెండూ ఇమిడాయి.

విమానంలోనూ అంతే. రేడియో సంకేతం పోతే ఫెయిల్‌సేఫ్ ఇంజన్‌ను నెమ్మదింపజేస్తుంది. ఆ ఒక్కటీ విమానాన్ని నేల మీదికి క్షేమంగా దించలేదు. దించేది తీగ. ఎలివేటర్ ఇంకా ఎగిరించేవాడి చేతిలోనే ఉంది, విమానంలో మిగిలిన వేగం తీగను ఇంకా బిగువుగా పట్టి ఉంచింది. అతడు హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా సవరిస్తూ, వలయం చుట్టూ దాన్ని మెల్లగా కిందికి తెస్తాడు.

అందుకే ఎగిరించే ముందు మైదానంలో చేసే పనులన్నిటికీ ఒక వరుస ఉంటుంది. శేషాచలం మీద ఎండ పూర్తిగా రాకముందు, గాలి లేవకముందు, ఇద్దరు మనుషులు పచ్చిక మీద వంగి ఉంటారు. బ్యాటరీ వోల్టేజీ చూస్తారు. యాంటెనా ఉక్కు తీగలకూ బ్యాటరీకీ దూరంగా ఉందో లేదో చూసి మూత బిగిస్తారు. ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకుంటే రెండోవారు అవతలి కొస నుంచి తీగను బలంగా లాగి, ఏ ముడీ జారడం లేదని నమ్మకం కుదుర్చుకుంటారు. హ్యాండిల్‌కు ఉన్న తాడును మణికట్టుకు తగిలించుకుంటారు, చెయ్యి పట్టు వదిలినా విమానం చేజారకుండా. ఇంజన్ తిరగడం మొదలయ్యాక, విమానం ఇంకా మిత్రుడి చేతుల్లో ఉండగానే, ట్రాన్స్‌మిటర్ స్విచ్ కావాలని ఆపేస్తారు. ప్రొపెల్లర్ మోత ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. ఇద్దరూ తలూపుతారు. స్విచ్ మళ్లీ వేస్తారు. ఒకరు నడుచుకుంటూ వలయం మధ్యకు వెళ్లి హ్యాండిల్ ఎత్తి పట్టుకుంటారు. రెండోవారు విమానాన్ని వదులుతారు, తీగ నేల మీది నుంచి లేచి బిగుస్తుంది.